నాలుగు చక్రములు లాగు బండి



కర్ణుని రథచక్రము నేల క్రుంగిన కథ నెఱుగనివారు మనలో లేరు. తిక్కన సోమయాజి కర్ణపర్వమును పురాణకాలక్షేపములలో వినుచు పెరిగినవారము మనము. అది శాపఫలమని పెద్దలు చెప్పిరి, నేను కాదనను. అయితే రేగడినేలలో బండి తోలిన కాపు నడిగినచో, శాపము మాట యటుండ, అతడు మఱియొక మాట చెప్పును: రథములో గాని బండిలో గాని లాగునది చక్రము కాదు. ఎద్దు కాలు నేలను తన్ని పట్టుకొని లాగును; చక్రము దొరలి వెంబడించును. చక్రము బురదలో దిగినను ఎద్దు కాలు గట్టినేలపై నున్నచో, ముందొక జత కాడి కట్టి, నలుగురు భుజములు పెట్టి లేపుకొనవచ్చును.

మోటారుబండి వచ్చి ఈ న్యాయమును తలక్రిందు చేసినది. అందు చక్రమే ఎద్దు. ఇంజను ఎంత బలముగలదైనను ఆ బలమంతయు చక్రము నేలను తాకు అరచేయంత చోటునుండియే పనిచేయవలెను. ఆ చోటు జాఱినచో ఎద్దు కాలు జాఱినట్లే. సామాన్యమైన కార్లలో నాలుగు చక్రములలో రెండే ఎద్దులు, తక్కిన రెండు వట్టి చక్రములు. నాలుగింటిని ఎద్దులుగా చేయవలెనను తలంపే నేటి నా ప్రసంగవిషయము. ఇది మనదేశపు పల్లెల చరిత్రలో ఒక భాగమని, నా యింటి చరిత్రలో కూడ ఒక భాగమని మనవి చేయుచున్నాను.

ఈ తలంపు క్రొత్తది కాదు. ఇంగ్లండులో డిప్లాకు అను నొక యింజనీరు 1893లోనే ఆవిరియంత్రముతో నడుచు బండికి నాలుగు చక్రములకు బలమందించు నేర్పును తన పేర వ్రాయించుకొనెను. 1900 ప్రాంతమున పోర్షె అను శిల్పి చక్రముల నాభులలోనే విద్యుద్యంత్రములు బిగించి నాలుగు చక్రములును తిరుగు బండిని చేసెను. హాలెండు దేశమున స్పైకర్ సోదరులు 1903లో పెట్రోలుతో నడుచు నాలుగు చక్రముల లాగుడు కారును నిర్మించిరి. అది పందెముల కొఱకు చేసినది. మన పల్లెలకు దానితో నిమిత్తము లేదు. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికావారు ఈ పద్ధతి లారీలను వేలకొలది చేసి, ఫ్రాన్సు బురదలో ఫిరంగులను, మందుగుండును మోయించిరి. అంతవరకు అది బరువుబండ్ల విద్య.

చిన్నబండికి ఆ విద్య అబ్బిన కథ చిత్రమైనది. 1940లో ఐరోపాలో యుద్ధము ముదిరినప్పుడు అమెరికా సైన్యము తేలికయు గట్టిదియునైన చిన్నబండి కావలెనని 135 కంపెనీలకు జాబులు వ్రాసెను. బండి బరువు 1300 పౌనులు మించరాదనియు, మొదటి బండిని 49 దినములలో తెచ్చి చూపవలెననియు నియమము. పనిబూనుటకు వచ్చినవి రెండే కంపెనీలు. అందొకటి పెన్సిల్వేనియాలోని బట్లరు పట్టణమున దివాలా అంచున నున్న బాంటము అను చిన్న కార్ఖానా. వారు పిలిపించిన కార్ల్ ప్రాబ్‌స్ట్ అను యింజనీరు రెండు దినములలో ముఖ్యమైన పటములు గీసెను. సెప్టెంబరు 23వ తేదీన, గడువు తీరుటకు అరగంట ముందుగా, ఆ బండి మేరీలాండులోని సైనికశిబిరము చేరెను. బరువు నియమము మాత్రము నెగ్గలేదు. అది నెగ్గదగినది కాదని సైన్యము తరువాత తెలిసికొని పెంచినది.

బండి బాగుండెను, చేసినవాడు బీదవాడు. ఇన్ని బండ్లు చేయగల శక్తి బాంటమువారికి లేదని తలంచి సైన్యము వారి పటములను విల్లీసు, ఫోర్డు కంపెనీలకు చూపెను. విల్లీసువారి యింజను 60 అశ్వముల బలము గలది, తక్కినవానికంటె మిన్న. కనుక వారి నమూనాయే నిలిచెను. యుద్ధము ముగియునప్పటికి ఆ రెండు కంపెనీలు చేసిన జీపులు ఆఱు లక్షలకు పైబడినవి. మొదట పుట్టించిన బాంటమువారికి దక్కినవి సుమారు 2,700 మాత్రమే. ఆ మీదట వారు జీపుల వెనుక తగిలించు తోకబండ్లు చేసికొనుచు కాలము గడపిరి. విత్తినవాడొకడు, కోసికొన్నవాడొకడు. ‘జీపు’ అను పేరు ఎట్లు వచ్చెనో పండితులింకను తగవులాడుచున్నారు. అక్షరముల పొట్టిపేరని కొందఱు, అమెరికా బొమ్మకథలలోని యొక వింతజంతువు పేరని కొందఱు. నేను ఏ పక్షమునను చేరను.

ఆ బండిలోని మర్మము విప్పి చెప్పెదను. గేరుపెట్టెకు వెనుక ఇంకొక చిన్న పెట్టె కలదు. దానిని ట్రాన్స్‌ఫరు కేసు అందురు. అచటినుండి ఒక కమ్మి ముందటి ఇరుసునకు, ఒక కమ్మి వెనుకటి ఇరుసునకు పోవును. మీట యొకటి లాగినచో ముందటి చక్రములకును బలము చేరును. మఱియొక మీట లాగినచో ఇంజను తిరుగుడు చక్రమును చేరునప్పటికి మఱింత మందగించి, బలము సుమారు రెండింతలగును. మోటపని చేయు ఎద్దు మెల్లగా నడచి బరువు తోడినట్లన్నమాట. వడి పోగొట్టుకొని బలము కొనితెచ్చుకొనుట. ఈ నాటి బండ్లలోను, పెద్ద మాఱ్పులున్నను, మూలము ఇదియే.

బర్మా యడవులలో జపాను సైన్యముతో పోరునప్పుడు జీపులు గాయపడినవారిని మోసినవి. చోటు కుదిరినచోట రైలుచక్రములు తొడిగి, పట్టాలపై వ్యాగనులను కూడ లాగించిరి. యుద్ధము ముగిసిన పిదప మిగిలిన బండ్లు మనదేశమున వేలములలో అమ్ముడుపోయెను. 1945లో మహీంద్రా సోదరులు, గులాం మహమ్మదు కలిసి ఉక్కు వ్యాపారమునకై పెట్టిన కంపెనీ, 1947లో 75 జీపులను విడిభాగములుగా తెప్పించి బొంబాయిలో కూర్పించుట మొదలుపెట్టెను. దేశవిభజనతో గులాం మహమ్మదు పాకిస్తానునకు పోయి, అక్కడ మొదటి ఆర్థికమంత్రియు, పిదప గవర్నరు జనరలును అయ్యెను. 1948లో కంపెనీ పేరు మాఱెను. జీపు పేరుతో ముడివడిన అపవాదు కూడ ఆ యేటిదే. లండనులోని మన హైకమిషనరు కార్యాలయము సైన్యమునకై కుదిర్చిన జీపుల బేరములో మనకు చేరినవి 155 మాత్రమే, అవియును పనికిరానివని పార్లమెంటులో పెద్ద రభస జరిగెను. 1955లో ప్రభుత్వము ఆ వ్యవహారము ముగిసినదని ప్రకటించెను. ప్రజలు ముగిసినదని యొప్పుకొనిరో లేదో వేఱుమాట.

మన పల్లెలకు జీపు వచ్చినది యుద్ధబండిగా కాదు. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము మొదలయ్యెను. బ్లాకునకొక అధికారి, ఆ యధికారికొక జీపు. 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతి సమితులు ఏర్పడిన తరువాత సమితిజీపు మన వీధులలో తెలిసిన ముఖమైనది. విత్తనపు మూటలు, మశూచికపు టీకాలు, సినిమా చూపు యంత్రము, ఎన్నికలు వచ్చినచో మైకులు, జప్తునకు వచ్చు అధికారులు, అందఱును అందులోనే వచ్చిరి. ఆ చప్పుడు వినగానే కొందఱు ఎదురేగిరి, కొందఱు పెరటిదారిన చేలలోనికి పోయిరి. దాని సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు.

విదేశములలో ఈ బండి వేఱుదారి పట్టెను. బ్రిటనులో మారిస్ విల్క్సు అను దొర తన పొలములో నొక పాత యుద్ధజీపును వాడుచు, ఇట్టిది మనమే యేల చేయరాదని తలపోసెను. ఉక్కు దొరకని కాలమగుటచే అల్యూమినియపు రేకుతో 1948లో లాండ్ రోవరును వెడలించిరి. జపానులో 1951లో టొయోటావారు తమ జీపువంటి బండిని ఫుజి పర్వతముపై ఆఱవ మజిలీదాక నెక్కించి చూపిరి. 1970లో రేంజ్ రోవరు వచ్చినప్పటినుండి పొలముబండి దొరబిడ్డల బండియు నయ్యెను. మనదేశమున 1985లో మారుతివారి జిప్సీ, 1991లో టాటావారి సియెరా, 2002లో స్కార్పియో, 2010లో థార్, ఇట్లు వరుసగా వచ్చినవి. ఇప్పుడు వీనినన్నింటిని ఎస్.యు.వి. అనుచున్నారు. ఇచట నొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఎత్తుగా, గంభీరముగా కనబడు బండి యెల్ల నాలుగు చక్రములు లాగు బండి కాదు. మనదేశమున అమ్ముడగు ఎస్.యు.వి.లలో ఎక్కువభాగము రెండు చక్రములు లాగునవే. మీసము చూచి వస్తాదని భ్రమపడరాదు.

నా కుమారుడు పశువైద్యుడు. ఖమ్మము తూర్పునగల అడవిపల్లెలలో తిరుగవలసినవాడు. 2021 ఆరంభమున అతడు నాలుగు చక్రములు లాగు బండి నిజముగా కొనెను. విశ్రాంతుడనైన నేను వాని వెంట చాల దూరములు పోయితిని. ఆ యనుభవము కొంత చెప్పెదను, మీ పిల్లలలో నెవరైన కొనదలచినచో పనికివచ్చును.

తారురోడ్డుపై ముందు చక్రముల మీట లాగరాదు. మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము నడచును. రెండు ఇరుసులను ఒకటిగా ముడివేసినచో ఆ తేడా తీరుటకు చోటుండదు. బురదలో చక్రము కొంత జాఱి తేడా తీర్చుకొనును. గట్టిరోడ్డుపై లోపలి పండ్లచక్రములు ఒరసికొని, స్టీరింగు బిగిసి, తుదకు విఱుగును. మఱి మీటను బొత్తిగా వాడకున్నను మంచిది కాదు. నెలకొకమాఱైన మట్టిదారిలో లాగి నడపినచో లోపల నూనె ప్రాకి, భాగములు బిగుసుకొనకుండును. గోదావరి యిసుకలో టైర్ల గాలి కొంత తగ్గించినచో చక్రము వెడల్పుగా పఱచుకొని దిగబడదు. ఒంటె పాదము చూచితిరి కదా. పైకి వచ్చిన తరువాత గాలి మరల నింపుట మఱవరాదు. నల్లరేగడి మాత్రము ఎవనిని లెక్కచేయదు. టైరు గాళ్లలో నిండి, చక్రమును నున్నని కుండవలె చేసి, నాలుగు చక్రములను నాలుగు చోట్ల త్రిప్పి నిలువబెట్టును. ఒక యిరుసున నొక చక్రము గాలిలో తేలినచో బలమంతయు దానికే పోవును, నేలనున్నది కదలదు. ఇందులకు తాళమువేయు ఏర్పాటు కొన్ని బండ్లలో నుండును, కొన్నింటిలో నుండదు. కొనునప్పుడు అడుగవలసిన ప్రశ్న ఇది, రంగు కాదు. పెట్రోలు గాని డీసెలు గాని సామాన్యపు కారుకంటె ఎక్కువ త్రాగును. ఎత్తైనది గావున మలుపులలో వేగము పనికిరాదు. అన్నిటికంటె ముఖ్యము, నాలుగు చక్రములు లాగుట బయలుదేరుటకు సాయము గాని ఆగుటకు కాదు. బ్రేకు నాలుగు చక్రములకును సామాన్యపు కారునందును కలదు గదా!

ఇంక నా యింటి కథ. 1966లో నాకు ఎనిమిదేండ్లు. మా మేనత్తకు ప్రసవవేదన మొదలై రెండవ దినమైనను కాన్పు కాలేదు. మంత్రసాని చేతులెత్తెను. వాన కురియుచుండెను. మున్నేటిలో కలియు మా యూరివాగు పొంగి పాఱుచుండెను. పట్టణపు ఆసుపత్రి వాగు కావల. దైవికముగా ఆ దినమున సమితిజీపు మా యూర చిక్కుపడియుండెను. అధికారి తన బండి నిచ్చెను. డ్రైవరు సాయిబుగారు, మా తండ్రిగారు, పెదనాన్నగారి కుమారుడైన మా అన్నగారు, నేను, అత్తను వెనుక పండుకొనబెట్టుకొని బయలుదేరితిమి. నన్నేల తీసికొనిపోయిరో నాకు తెలియదు, ఏడ్చియుందును. నాకు గురుతున్నది ఒకటే. నీళ్లు రెండువైపుల లేచుచుండ, జీపు ఏనుగువలె గుఱ్ఱుమనుచు వాగు చీల్చుకొనిపోయి ఆవలిగట్టు నెక్కినది. మా యత్త బ్రతికెను. ముప్పదియేండ్ల బడిపంతులు పనిలో ఈ కథను ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్కలేదు.

ఇక 2021 సెప్టెంబరు. ప్లవనామ సంవత్సరము, మహాలయపక్షము. ప్లవమనగా తెప్ప, ఆ యర్థము నాకు అప్పుడు తోపలేదు. గులాబు తుపాను వానలు తెలంగాణమున కురియుచుండెను. మఱునాడు మా తండ్రిగారి తిథి. మేము కోడలి పుట్టింటినుండి మా యూరికి వచ్చుచుంటిమి. బండిలో కుమారుడు, కోడలు, ఆఱేండ్ల మనుమడు, నేను. ప్రొద్దు గ్రుంకువేళకు వాగు చేరితిమి. ఇప్పుడచ్చట చప్టా కలదు. దానిపై నీరు మోకాలిదాక పాఱుచున్నట్లు తోచెను.

“నాన్నగారూ, వెనుకకు పోయి రేపు తెల్లవాఱినాక వత్తము,” అని మావాడనెను.

“రేపు తిథిరా. బ్రాహ్మణులు వచ్చి కూర్చుందురు. ఈ వాగునే మేము సమితిజీపులో దాటితిమి. నీ బండి దానికంటె నాలుగింతల వెల గలది,” అంటిని.

వాడు నా మాట కెదురాడడు. అది వాని సుగుణమని నేననుకొనుచుందును. మీటలు లాగి, మెల్లగా దింపెను. సగము దూరము బండి చక్కగా పోయినది. పిమ్మట నొక వింత జరిగెను. స్టీరింగు ఎటు త్రిప్పినను బండి వినలేదు. ఇంజను తిరుగుచున్నది, చక్రములు తిరుగుచున్నవి, బండి మాత్రము ప్రక్కకు మెల్లగా జరుగుచున్నది. చప్పుడు లేదు, కుదుపు లేదు. పడవలో కూర్చున్నట్లుండెను. చప్టా అంచున మిగిలిన యొక గుఱుతురాయికి వెనుకచక్రము తగిలి ఆగెను. గట్టుమీదివారు చూచి, మోకులు తెచ్చి, ట్రాక్టరుతో లాగిరి. మనుమని మొదట కిటికీగుండ తీసిరి. వాడు ఏడువలేదు, నా చేయి విడువలేదు. ఆ రాయి లేకున్నచో నేటి ప్రసంగమును ఇంకొకరు చేసియుందురు.

తరువాత మావాడు లెక్క కట్టి చూపెను. బండి నాలుగు మీటర్ల పొడవు, ఒకటి ముప్పాతిక మీటరుకు కొంచెము తక్కువ వెడల్పు. నీరు బండి అడుగుపలకను తాకి అచటినుండి ఒక్క అడుగు లేచినచో, తలుపులు మూసిన బండి త్రోసివేయు నీటి బరువు రెండువేల కిలోలు. బండి బరువు అంతకు తక్కువ. అనగా నీరు లోపల చొఱబడునంతవరకు అది తెప్ప. చక్రములకు నేల తగులనప్పుడు నాలుగైననేమి, నలువదియైననేమి? అడుగులోతు పాఱు నీరు చిన్నకార్లను, రెండడుగుల నీరు ఎస్.యు.వి.లను సైతము కొనిపోవునని వరదల శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. బండితో నిచ్చు పుస్తకములో ఇంతలోతు నీటిలో పోవచ్చునని వ్రాసియుండును. అది నిలుకడనీటి మాట, పాఱు వాగు మాట కాదు. పాతజీపునకు తలుపులు లేవు. నీరు ఒకవైపు చొచ్చి ఒకవైపు పోవును. అది తేలదు, తడియును. నేను వెలలు పోల్చితిని గాని తలుపులు పోల్చలేదు.

తిథి మఱునాడు జరిగినది. భోజనములైన పిదప మా అన్నగారు, ఎనుబదియేండ్లవారు, అరుగుపై కూర్చుండి అంతయు వినిరి. వినిన తరువాత ఇట్లనిరి.

“నీకు సగమే గురుతున్నదిరా తమ్ముడా. ఆనాడు జీపు వచ్చినది వచ్చినట్లు వాగులో దిగలేదు. మూడు గంటలు గట్టున నిలిచినాము. బాబాయి సాయిబు కాళ్లు పట్టుకొన్నంత పని చేసెను. అతడు కదలలేదు. మన నీరడి వెదురుగడ పట్టుకొని నీళ్లలో దిగెను. రెండుమాఱులు నడుముదాక వచ్చి తిరిగివచ్చెను. మూడవమాఱు మోకాలికి తగ్గినదని కేక వేసెను. అప్పుడు వాడు ముందు నడువగా, వాని వెనుక నడుగునడుగున జీపు దిగినది. నీవు గట్టుననే నిద్రపోయితివి. దింపునప్పుడు లేపితిమి.”

“మఱి ఇన్నాళ్లు ఎవరును చెప్పలేదేమి?” అంటిని.

ఆయన కొంతసేపు ఊరకుండిరి. “అత్త బ్రతికినది. బిడ్డ గట్టుననే పోయినది. ఆ మూడుగంటల మాట ఇంటిలో ఎత్తవలదని బాబాయి అనిరి. సాయిబును తప్పుపట్టలేదు. దిగియున్నచో ఆఱుగురము పోయియుందుమని ఆయనకు తెలియును. తెలిసినను ఆ మాట వినలేకపోయిరి.”

నీరడి పేరు అన్నగారికి జ్ఞప్తి లేదు. ఊరిలో అడిగితిని, అందఱును నీరడి యనియే చెప్పిరి. వాని వంశమువారు బ్రతుకుతెరువునకు భివండి పోయిరట.

మావాని బండిలో ఇప్పుడు సీటు క్రింద నొక వెదురుకఱ్ఱ యుండును. దానికి మోకాలి యెత్తున ఎఱ్ఱరంగుతో ఒక గీత గీసినాడు. ఆ గీత గీయునప్పుడు కొలతకై నిలువబెట్టినది నా కాలినే.